మడమ గుర్తులు

ఏడో తూటా తుపాకిలోకి మెత్తగా దూరి, బోల్టు వెనక్కి లాగగానే దుప్పటి మీద వచ్చి పడింది. తరువింగ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ముక్కును బొటనవేలితో తడిమి, బాగున్నవాటి వరసలో నిలబెట్టాడు. ఎనిమిదోది లోపలికి పోతూ వెంట్రుకవాసి మొరాయించింది. మెడ దగ్గర చిన్న సొట్ట. ఇంకొకరైతే కాస్త గట్టిగా నెట్టి పంపేవాళ్ళు. అతను దాన్ని తీసి పాత పాలడబ్బాలో పడేశాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఈ అంగ్వా వేట శిబిరం నుంచి ఒక్క తూటా కూడా అతని చేతిమీదుగా తుపాకిలో దూరి రాకుండా అడవిలోకి వెళ్ళలేదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు కాబట్టి ఎవరూ చెప్పుకోలేదు.

పొట్టి మనిషి, బిగిసిన ముంజేతులు, ఎడమచేతివాటం. చలికాలం పొద్దున కూడా చెప్పులు వేసుకోడు. కాలికింద ఏముందో తెలియకపోతే అతనికి ఏమీ తోచదు. తుపాకులు తుడిచి, నూనె రాసి వేటగాళ్ళ చేతికిచ్చేది అతనే గాని, తాను ఒక్క జంతువు మీదా పేల్చి ఎరగడు. భోజనాల పాక గోడమీద వేట ఫోటోలు నలభై దాకా ఉన్నాయి. ఒకదాంట్లో అతని మోచెయ్యి పడింది.

ఇవాళ అతని కొలువుకు ఆఖరి రోజు. సాయంత్రం లారీలో సొంతూరు పోతాడు. పోతూ పోతూ ఉంటే పెద్ద పనే నెత్తిన పడింది. ఉచ్చు తీగ కాలికి బిగుసుకుపోయి పిచ్చెత్తిన అడవిదున్న ఒకటి, ఏటికి పోయే దారిలో ముళ్ళపొదలు పట్టుకు కూర్చుంది. మొన్న ఒక పశువుల కాపరిని కుమ్మి చంపింది. అప్పటినుంచి ఆడవాళ్ళు నీళ్ళకు పోవడం మానేశారు. దాని సంగతి చూడమని జిల్లా సభవాళ్ళు నెట్సాయ్‌కి చెప్పారు. ఆమెకు వేట లైసెన్సు వచ్చి నాలుగు నెలలే అయింది. ఈ శిబిరంలో తుపాకి పట్టిన మొదటి ఆడది. గురి తప్పితే పోయేది పేరు ఒక్కటే కాదు, ప్రాణం.

లారీ డ్రైవరు ట్రైమోర్ రేగుపండ్లు నములుతూ వచ్చి తుపాకుల కొట్టు గుమ్మానికి ఆనుకున్నాడు. మూల నిలబెట్టిన గడ్డి చీపురు చూశాడు. పాతది ఎడమపక్కకు అరిగి కొడవలిలా వంకర తిరిగిపోయింది. దాని పక్కనే పొద్దున కట్టిన కొత్తది ఉంది.

"సాయంత్రం పోయేవాళ్ళకి కొత్త చీపురెందుకు సెకురూ?" అన్నాడు. పెద్దాయన కాబట్టి శిబిరమంతా అతన్ని సెకురు అనే పిలుస్తుంది.

"నీ నోరు ఊడవడానికి."

అప్పుడే నెట్సాయ్ వచ్చింది. పొడుగాటి మనిషి, టోపీ కళ్ళదాకా దించుకుంది. రాత్రి నిద్రపోలేదని ముఖమే చెబుతోంది. గోడకున్న రెండు తుపాకుల్లో పెద్దదాన్ని చూపించింది. అది నాలుగు యాభై ఎనిమిది, తూటా బొటనవేలంత ఉంటుంది. శిబిరంలో దాని పేరు పెదనాన్న. రెండోది మూడు డెబ్బై అయిదు. దాన్ని మేనత్త అంటారు. ఇలాంటి జంతువు మీదికి మేనత్తకన్నా చిన్నది తీసుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు.

"పెదనాన్నని ఇవ్వండి సెకురూ."

"మేనత్తని తీసుకుపో అక్కా," అన్నాడు ట్రైమోర్, గింజ ఉమ్మేస్తూ. "భుజం నొప్పెట్టదు. దున్నకి కూడా చక్కిలిగిలిగా ఉంటుంది."

"విన్నారుగా. పెద్దదే ఇవ్వండి."

తరువింగ పెద్దదాన్ని కిందికి దించాడు. ఇంకో చేత్తో పాత చీపురు తీసుకున్నాడు. "ముందు ఇసుకలోకి పద, చిహెరా."

చిహెరా ఆమె వంశపు ఆడపడుచుల పిలుపు. ఆ వంశపు ఆడవాళ్ళు పట్టిన పట్టు విడవరని దేశమంతా పేరు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గదా, చిహెరా ఆ మొండివాడికి అక్క.

కొట్టు వెనక చాపంత మేర ఇసుక పరిచి ఉంది. ఎదురుగా చెదలపుట్టకు బొగ్గుతో దున్న ముఖం గీసిన రేకు ఆనించి ఉంది. తరువింగ ఇసుకను ఒక్క గీత లేకుండా ఊడ్చాడు. అటు తిరిగి తుపాకిలో తూటాలు తానే పెట్టి ఆమెకిచ్చాడు. ఆమె ఇసుకలో నిలబడి పేల్చింది. కొండలు మారుమోగాయి. రేకు మీద దున్న గడ్డం దగ్గర చిల్లు పడింది.

"కాస్త కిందికి పోయింది, అంతే," అంది ఆమె. బోల్టు లాగి మళ్ళీ నొక్కింది. ఈసారి టిక్కుమని చిన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

తరువింగ ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మడమలు రెండూ ఇసుకలోకి కొత్తగా దిగబడి ఉన్నాయి.

"తుపాకి పేలలేదు," అన్నాడు. "మరి నిన్ను వెనక్కి నెట్టిందెవరు?"

ఆమెకు ముఖం జేవురించింది. "ఉత్త తూటా పెట్టారా? ఇవాళా నన్ను పరీక్షించేది?"

"నిన్ను కాదు. ఈ తూటా నీకు పడుతుందా అని."

"మగవాళ్ళకి కూడా ఇలాగే ఊడుస్తారా?"

"అందరికీ ఊడుస్తాను. మనిషిని బట్టి తూటా. దున్నల్నిబట్టి అయితే అన్నిటికీ ఒకటే సరిపోయేది."

 ఆమె తుపాకి తిరిగి ఇవ్వలేదు. తరువింగ చీపురు కర్రకు గడ్డం ఆనించి కాసేపు ఇసుకకేసి చూశాడు. తర్వాత, ఏ మనిషికీ చెప్పని సంగతి చెప్పాడు.

"మా ఆవిడ అన్న మునెట్సి. మంచి వేటగాడు. పెద్దదే కావాలన్నాడు, ఇచ్చాను. అప్పట్లో నాకూ పెద్దదంటే మోజే. మర్నాడు ఆయన ప్రాణం పోయిన చోటికి నేనే వెళ్ళాను. గుండు దున్న పొట్టలోకి పోయింది. ఆయన నిలబడ్డ చోట మడమలు ఇంత లోతు దిగాయి, పేలకముందే దిగాయి. తుపాకి భుజానికి కొట్టే దెబ్బకి భయపడ్డాడమ్మా, దున్నకి కాదు. నేనిచ్చిన తుపాకికి." చీపురు కొసతో ఇసుకలోని గుంటలు తాకాడు. "ఆ గుర్తులే నేను రోజూ ఊడుస్తున్నాను."

నెట్సాయ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుంది. పెద్ద తుపాకి అతని చేతికిచ్చింది. "నాకు నిజంగా భయమే సెకురూ. దాన్ని భుజానికి ఎత్తితే పళ్ళు కరుచుకుంటాను."

"తెలుసు. నీ మడమలు చెప్పాయి." కొట్లోంచి రెండోది తెచ్చి, ఇసుక మళ్ళీ ఊడ్చాడు. "ఏ ఇంట్లోనైనా చూడు, పెదనాన్న గట్టిగా అరుస్తాడు. చివరికి చెల్లేది మేనత్త మాటే."

ఆమె నవ్వేసింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు. మేనత్తతో మూడుసార్లు నొక్కింది. రెండు గుండ్లూ దున్న కళ్ళ మధ్య పడ్డాయి. మధ్యలో ఉత్త తూటా వచ్చినప్పుడు ఇసుక కదలలేదు.

"మొదటిది మెత్తముక్కుదా?" అంది, తూటాల వరస చూస్తూ.

"పొదలోంచి ముఖం పెట్టి ఎదురొస్తుంది. మెత్తముక్కుది ఎముక తగలగానే విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. నాలుగూ గట్టిముక్కువే తీసుకో."

తొమ్మిదింటికి పొదల్లో దిగారు. తరువింగ ముందు, రెండడుగుల వెనక నెట్సాయ్. దుమ్ములో మూడు గిట్టల గుర్తులు, నాలుగో కాలు ఈడ్చిన చార, దాని పక్కనే తీగ గీసిన సన్నటి గీత. చార తాజాగా ఉంది. చీము వాసన వస్తోంది. ఎడమవైపు పొదలోంచి దున్నల మీద పురుగులు ఏరుకునే పిట్టలు కిచకిచమంటూ లేచాయి. తరువింగ చెయ్యి ఎత్తి, ఒక్క అడుగు పక్కకు తప్పుకున్నాడు.

దున్న పొదను చీల్చుకుని ముప్పై గజాల దూరంలో బయటికి వచ్చింది. ముక్కు పైకెత్తి, కొమ్ముల కిందనుంచి వాళ్ళనే చూస్తూ పరుగందుకుంది. అలాంటప్పుడు ఎవరైనా దున్నను చూస్తారు. తరువింగ నెట్సాయ్ బూట్లు చూశాడు.

మడమలు కదలలేదు. దున్న పదిహేను గజాలకు వచ్చింది. మడమలు కదలలేదు. అప్పుడు పేలింది, వెంటనే బోల్టు చప్పుడు, మళ్ళీ పేలింది. తరువింగ తల ఎత్తేసరికి దున్న ముందు మోకాళ్ళ మీద కూలి, ముక్కు దుమ్ములో ఆనించి, ఒక్క పొడుగాటి అరుపు అరిచి ఊరుకుంది. మొదటి గుండు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తరువింగకు ఒళ్ళంతా పులకరించింది. ముప్పై ఏళ్ళుగా గుండెల మీద కూర్చున్న బరువేదో లేచి వెళ్ళిపోయినట్టయింది.

అతను దున్న తల దగ్గర గొంతుక్కూర్చుని, రెండు చేతులూ దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొట్టాడు. అతని వంశం దున్నల వంశం. వాళ్ళు దాని మాంసం ముట్టరు. "నిన్ను ఇంకో పూట నొప్పిలో ఉంచలేదు, అన్నా," అన్నాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

కబురు అందేలోపే ఆడవాళ్ళు బిందెలతో దారిపట్టారు. వాళ్ళ ఈలల్లాంటి కేరింతలు ఏటి అవతలి ఒడ్డుదాకా వినిపించాయి. ఒక ముసలమ్మ నెట్సాయ్ చుట్టూ చిందులు వేసింది. ట్రైమోర్ లారీ దిగి వచ్చి దున్న నుదుటి మీద చిల్లులో చిటికెనవేలు పెట్టి చూసి, గుటక మింగాడు.

"ఏమైంది, చక్కిలిగిలి పుట్టిందా దానికి?" అంది నెట్సాయ్.

"నా మాట నేనే మింగుతాలే అక్కా. మొక్కజొన్న సద్జా ముద్దలో నంజుకుని."

మధ్యాహ్నం శిబిరంలో మాంసం వాటాలు వేశారు. తరువింగ ఒక పక్కన కూర్చుని ఎండుచేపల పులుసుతో సద్జా తిన్నాడు. పాత చీపురును పొయ్యిలో పెట్టాడు. ఫోటో తీస్తామంటే ఎప్పటిలాగే పక్కకు జరగబోతే నెట్సాయ్ మోచెయ్యి పట్టుకుని లాగి మధ్యలో నిలబెట్టింది.

"ఈసారి మనిషంతా పడాలి," అంది.

మనిషంతా పడ్డాడు, చెప్పులు లేని కాళ్ళతో సహా.

నాలుగింటికి దుప్పటి చుట్టి చంకన పెట్టుకున్నాడు. కొట్టు తాళంచెవి నెట్సాయ్ చేతిలో పెట్టాడు. ఆమె మోకాళ్ళు వంచి, చేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టి దాన్ని అందుకుంది. చెప్పాల్సింది పొద్దునే అయిపోయింది. మాంసం దగ్గర గోలలో అతను లారీ ఎక్కడం ఎక్కువమంది చూడలేదు.

మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. కొట్టు వెనక ఇసుక సాపుగా ఊడ్చి ఉంది. దాని అంచున గోడకు ఆనించి కొత్త చీపురు నిలబడి ఉంది, గడ్డి కొసలు ఇంకా ఏ చేతివాటానికీ అరగకుండా.