బాతుల కొలువు

శనివారం పొద్దున్నే వంటింటి గుమ్మంలో నారింజపండ్ల బుట్ట కనిపించగానే జిమ్కిత ఆగిపోయింది.

"ఇన్ని నారింజలెందుకు? పెళ్లివాళ్ళు అడిగారా?"

"పెళ్లివాళ్ళకి గొర్రె మాంసం. ఇవి మీవాళ్ళకి," అన్నాడు వంటల పెద్ద అఖ్మత్, కత్తి నూరుకుంటూ. "బాతూ నారింజా, పైన కాస్త దాల్చినచెక్క. మా అమ్మమ్మ చేతి వంట. ఇవాళ ఆకుపచ్చ ముద్ర రాలేదనుకో, సోమవారం మధ్యాహ్నానికి పొయ్యి మీదే."

"వస్తుంది."

"వస్తే మంచిదే. నారింజలు ఎక్కడికీ పోవులే, జామ్ చేస్తా."

బ్రీడ నది ఒడ్డున క్వేపర్లాన్ ద్రాక్షతోట, దాని వైన్ ఖానా, హోటలు, పెళ్లిళ్ళు జరిగే పచ్చిక అన్నీ టానీ హెట్టీవే, అంటే హెట్టీ అత్తవే. ఇవన్నీ కలిసి నేలనూ నీటినీ పాడు చెయ్యకుండా చూడటం జిమ్కిత ఉద్యోగం. వైన్ పీపాలు కడిగిన నీళ్ళను రెల్లు మడుల్లోకి మళ్ళించింది. హోటలు ఎంగిలంతా వానపాములకు పెట్టింది. అంతవరకూ టానీ హెట్టీ పళ్ళ బిగువున ఓర్చుకుంది. నత్తలను చంపే మందు మానిపించి మూడొందల చిల్లర బాతులను తోటలోకి దించేసరికి మాత్రం ఆవిడ ఓర్పు అడుగంటింది. "ఈ యేడు పర్యావరణ తనిఖీలో ఆకుపచ్చ ముద్ర వస్తే బాతులుంటాయి. రాకపోతే మందు డబ్బాలు తోటకి, బాతులు వంటింటికి," అని తేల్చేసింది.

అవి మామూలు బాతులు కావు. వైన్ సీసాలకు కాళ్ళొచ్చినట్టు నిటారుగా నిలబడి, ఒకదాని వెనక ఒకటి పరుగులు తీసే జాతి. ఆకు చాటున నక్కిన నత్తను చూశాయంటే దాని కథ ముగిసినట్టే. ఒక్కటే చిక్కు. పండు ముగ్గిందంటే నత్తనూ ద్రాక్షనూ ఒక్క చూపే చూస్తాయి. అందుకే కోతల కాలంలో వాటికి సెలవు. చెరువు గట్టున ముక్కులు రెక్కల్లో దూర్చి పడుకుంటాయి.

ఇప్పుడు కోతల కాలమే. ఆ సంగతి జిమ్కితకు తెలియనిది కాదు. కానీ హోటలుకు అతిథులు రావాలని "మా బాతుల పని చూడండి, ఏడాది పొడుగునా" అని తన చేత్తోనే ప్రకటన రాసింది. తనిఖీ అధికారి మిసెస్ ఫిలాండర్ అది చదివి ఫోన్ చేసింది. "శనివారం వస్తున్నాను. కాయితాలు తర్వాత, ముందు బాతులు పనిచేస్తుంటే చూడాలి." సెలవులో ఉన్నాయండీ అంటే సరిపోయేది. జిమ్కిత నోరు మాత్రం "తప్పకుండా రండి" అనేసింది.

దారి లేకపోలేదు. తెల్లద్రాక్ష మడి కోత అప్పటికే అయిపోయింది. తీగల మీద ఒక్క పండు లేదు, నత్తలు మాత్రం కావలసినన్ని. బాతులను అక్కడికి తోలితే సరి. బాతులకాపరి ఊమ్ డెన్జిల్‌కు, అంటే డెన్జిల్ బాబాయికి, అదే చెప్పింది.

"వైన్ ఖానా వెనక నుంచి తీసుకుపోతా, అమ్మాయ్. పెళ్లివాళ్ళ కంట పడకుండా," అన్నాడతను. జిమ్కితకు అది బ్రహ్మాండమైన ఆలోచన అనిపించింది. వైన్ ఖానా వెనక ఏముందో ఇద్దరికీ తట్టలేదు.

మిసెస్ ఫిలాండర్ మడత నలగని కోటులో కారు దిగింది. మనిషి పొట్టి, చూపు పొడుగు.

"ముందే చెప్తున్నా, బాతులంటే నాకు అనుమానం," అంది. "చాలా చోట్ల చూశాను. పగలు ఫొటోలకి బాతులు, చీకటి పడ్డాక నత్తలకి విషం."

"మా దగ్గర అలా ఉండదండీ."

"అందరూ ఆ మాటే అంటారు."

తెల్లద్రాక్ష మడిలో నత్తలున్నాయి. బాతులు లేవు. గట్టు చివర ఊమ్ డెన్జిల్ ఒక్కడే టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"బాతులేవి, ఊమ్?"

"నా వెనకే వచ్చాయమ్మా. పెళ్లికి పువ్వులు తెచ్చిన బండి అమ్మాయి అగ్గిపెట్టె అడిగితే ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి తిరిగి చూద్దును కదా, ఒక్కటి లేదు."

"ఎక్కడ మాట్లాడావు?"

"అదే, వైన్ ఖానా వెనక. పిప్పి కుప్ప దగ్గర."

జిమ్కితకు అప్పుడు తట్టింది. ఎర్రద్రాక్ష పిండగా మిగిలిన పిప్పిని ఎరువు కోసం ఆ కుప్పగా పోయించింది తనే. ఎండకు పొంగి, పులిసి, పక్కన నిలబడి గట్టిగా ఊపిరి పీలిస్తే మనిషికే కళ్ళు తిరుగుతాయి.

అదే సమయానికి పచ్చిక వైపు నుంచి కేక వినిపించింది. ఏడుపు కాదు, నవ్వు. ముగ్గురూ అటు పరిగెత్తారు.

పెళ్లి జరిపిస్తున్న పాస్టరుగారు ఉంగరాల దాకా వచ్చారు. కుర్చీల మధ్య పరిచిన తెల్లగుడ్డ మీద నుంచి బాతులు వస్తున్నాయి. ముక్కులన్నీ ఊదారంగు. వరసగానే నడవాలని వాటి ప్రయత్నం, వరసే నిలవడం లేదు. ఒకటి కుడికి తూలితే వెనకవన్నీ కుడికి, ఎడమకు తూలితే అన్నీ ఎడమకు. అందరికన్నా ముందు వాటి నాయకురాలు, తోటలో అందరూ మేడమ్ అని పిలిచే ముసలి బాతు, రొమ్ము విరుచుకుని వచ్చి పాస్టరుగారి బూటుకు తల ఆనించి ఆయనకేదో నచ్చజెప్పసాగింది. ఒకటి పెళ్లికొడుకు మేనత్త టోపీలోకి ఎక్కి కూర్చుంది. టోపీ ఒళ్ళో ఉండబట్టి సరిపోయింది.

పెళ్లికూతురు కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఇంతలో మేడమ్ ఒక్కసారి ఆకాశం వంక చూసి, కాళ్ళు పైకి పెట్టి వెల్లకిలా పడిపోయింది. దాని వెనక ఇంకోటి. పచ్చికంతా వరసగా సీసాలు దొర్లినట్టు దొర్లాయి.

నవ్వులు ఆగిపోయాయి.

"విషం," అంది మిసెస్ ఫిలాండర్ మెల్లగా. "నత్తల మందు తిన్న బాతులు సరిగ్గా ఇలాగే పడతాయి."

గొడవ విని టానీ హెట్టీ వచ్చింది, వెనకే కత్తితో సహా అఖ్మత్.

"మందు పెట్టారా? అయితే నాకొద్దు బాబూ, వండను," అన్నాడతను.

"నువ్వు నోరు ముయ్యి!" అంది జిమ్కిత. మేడమ్‌ను ఎత్తి గుండెకు హత్తుకుంది. వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర వాసన చూసింది. తర్వాత దాన్ని చంటిపిల్లలా అధికారి చేతుల్లో పెట్టింది. "మీరే చూడండి. విషమో, పినోటాజ్ వైనో."

మిసెస్ ఫిలాండర్ వాసన చూసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ చూసింది.

"తాగిందనేది నిజమే," అంది. "కానీ తాగినంత మాత్రాన విషం తినలేదని రుజువేంటి? లేస్తే నమ్ముతా. లేవకపోతే మీ ముద్రకి సెలవు."

అలా పెళ్లి ఆగింది. పెళ్లికూతురే ఆపింది. "వీళ్ళు లేచేదాకా ఉంగరం వేసుకోను. నా పెళ్లికి ఇంత మనస్ఫూర్తిగా తాగినవాళ్ళు ఇంకెవరున్నారు?" అని గౌను పరుచుకుని పచ్చిక మీద కూర్చుని ఒక బాతును ఒళ్ళో పెట్టుకుంది. చుట్టాలు బాతుల మీద గొడుగులు పట్టారు. ఊమ్ డెన్జిల్ ఒక్కో బాతు పేరూ పిలుస్తూ క్షమాపణ చెప్పుకుంటున్నాడు. జిమ్కిత మోకాళ్ళ మీద కూర్చుని, అధికారి ఒళ్ళో ఉన్న మేడమ్ కళ్ళ వంకే చూస్తోంది. లే తల్లీ, ఒక్కసారి లే. నారింజలు కొనేశాడు వాడు.

ఎండ చెట్ల వెనక్కి వాలింది. పెళ్లికొడుకు మేనత్తకు ఓపిక పోయింది. నాలుక తిప్పుతూ కొండలు మారుమోగేలా, వాళ్ళ పెళ్లిళ్ళలో ఆడవాళ్ళు సంతోషానికి కూసే కూత కూసింది. పక్కనున్న ఆడవాళ్ళందరూ అందుకున్నారు.

మేడమ్ ఒక కన్ను తెరిచింది.

రెండో కన్ను తెరిచి, అధికారి కోటు మీద వదలవలసింది వదిలి, నేల మీదికి దూకింది. తలనొప్పి పుట్టినవాళ్ళ నడక నడుస్తూ పూలకుండీ దాకా వెళ్ళింది. కుండీ అంచున పాకుతున్న నత్తను చూసి ఆగింది. చూసింది, మింగింది, ఇంకోటి వెతుక్కుంది. దాని వెనక పచ్చికంతా లేచింది. రెక్కలు దులుపుకుని, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ, కుండీలన్నీ గాలించసాగాయి.

మిసెస్ ఫిలాండర్ కోటు వంక చూసుకుంది, బాతుల వంక చూసింది. పొట్టి మనిషి లోపల ఎక్కడ దాచుకుందో గానీ అంత పెద్ద నవ్వు ఒక్కసారి బయటపడింది. నవ్వి నవ్వి కుర్చీ పట్టుకుంది.

"నిషాలో కూడా పని మానలేదు. మా ఆఫీసులో ఇలాంటివాళ్ళు ఒక్కరు లేరు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ముద్ర ఇస్తాను. రెండు షరతులు. పిప్పి కుప్పకి కంచె. ఏడాది పొడుగునా అన్న ఆ ప్రకటన తీసెయ్యాలి."

"ఇప్పుడే తీసేస్తానండీ!" జిమ్కిత ఆవిణ్ణి కోటుతో సహా కౌగిలించుకుంది.

"కంచె రేపే వేయిస్తా," అంది టానీ హెట్టీ గొంతు సవరించుకుని. "ఇంతకీ ఆ ముసలిదానికి తలనొప్పిగా ఉందేమో, నీళ్ళు పెట్టండి ఎవరైనా."

అఖ్మత్ వంటింటి వైపు తిరిగాడు. "పోతున్నా, జామ్ చేసుకోవాలి."

పాస్టరుగారు ఉంగరం చేతిలోకి తీసుకోబోయారు. "అయ్యో!" అని ఊమ్ డెన్జిల్ అరిచాడు. కుండీల్లో నత్తలు అయిపోయాయి. మేడమ్ మెడ చాచి, గాలి వాసన పట్టి, సైన్యాన్ని వెంటేసుకుని వైన్ ఖానా వెనక్కి బయల్దేరింది. ఈసారి నడక కాదు, పరుగు.

వాటి వెనక జిమ్కిత, ఆమె వెనక గౌను మోకాళ్ళ దాకా ఎత్తుకుని పెళ్లికూతురు, వాళ్ళిద్దరికన్నా ముందు, కోటు విప్పి పారేసి, మిసెస్ ఫిలాండర్.