ప్యానెల్ మీద బంతిదండ

2013 దసరా మరునాడు ఉదయం పదిన్నరకు సురంగల్‌లో సంగయ్య ఇంటి కొత్త సోలార్ ఇన్వర్టర్ కూయడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోవచ్చింది. పదకొండుకు ఆయన కూతురు పూర్ణిమకు ల్యాప్‌టాప్‌లో ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉంది. గచ్చిబౌలి కంపెనీ, చివరి రౌండ్. ల్యాప్‌టాప్ పాతది, ప్లగ్ తీస్తే ఆగిపోతుంది. ఊళ్లో రాత్రి నుంచి కరెంటు లేదు.

మామూలు ఇన్వర్టర్ చాలని సంగయ్య మొదట అన్నాడు. అది నిండాలన్నా కరెంటే కావాలని, ఎండతో నిండేదే తేవాలని పూర్ణిమ పట్టుబట్టింది. పండుగకు ముందురోజు సోలార్ మెకానిక్ బీరయ్య వచ్చి కప్పు మీద రెండు ప్యానెళ్లు బిగించాడు. పండుగ రాత్రి కరెంటు పోతే వాడకట్టు జనమంతా వచ్చి ఆ ఇంట్లోనే టీవీ చూసింది. బ్యాటరీ అట్లా ఖర్చయింది.

పొద్దున్నుంచీ ఎండ కాస్తున్నా ఛార్జింగ్ లైటు వెలగలేదు. పూర్ణిమ బీరయ్యకు ఫోన్ చేసింది.

"ప్యానెల్ మీద నీడ పడ్డదేమో చూడు చెల్లె," అన్నాడతను.

"నీడ యాడిదన్న, పక్కన చెట్టే లేదు."

"జర పైకెక్కి చూడు. అడ్డంగ ఏమున్నా నిండది."

పూర్ణిమ నిచ్చెన ఎక్కింది. రెండు ప్యానెళ్లకూ అడ్డంగా బంతిపూల దండలు ఉన్నాయి. అద్దం నిండా పసుపు బొట్లు.

"అవ్వా, గిదేందే?"

"పూజ," అన్నది కింద నుంచి తల్లి రాములమ్మ. "ట్రాక్టర్‌కు చేసిన, బోరు మోటర్‌కు చేసిన. దీనికి చెయ్యకుంటే ఊకుంటదా?"

"చేసినవ్ గద, అందుకే కూస్తున్నది," అన్నాడు సంగయ్య.

పూర్ణిమ దండ మీద చెయ్యి వేసింది.

"ముట్టకు. పూలు వాడిపోకముందు తీయొద్దు."

"పదకొండుకు నా ఇంటర్వ్యూ అవ్వా."

రాములమ్మ కొంగు దోపి తనే నిచ్చెన ఎక్కింది. దండలు తీసి భుజాన వేసుకుంది. తడిగుడ్డతో బొట్లు తుడిచింది.

"తీసుడు కాదు, జాగ మార్చుడు," అన్నది. కిందికి దిగి రెండు దండలూ ఇన్వర్టర్‌కు వేసింది.

"లైటు మూయకు. నిండుతున్నదో లేదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు సంగయ్య.

ఆమె దండలు పక్కకు జరిపింది. లైటు వెలుగుతోంది. కూత ఆగింది.

ఇంట్లో ఫ్యాన్లు ఆపేశారు. పదకొండుకు ల్యాప్‌టాప్‌లో ముగ్గురు కనిపించారు. ప్యానెళ్ల మీద పావురాలు వాలకుండా రాములమ్మ కట్టె పట్టుకుని కప్పు మీద కూర్చుంది.

"నీ నీడ పడుతున్నది, జరుగు," అన్నాడు సంగయ్య వాకిట్లోంచి.

ఆమె జరిగింది.

పన్నెండు లోపే ఇంటర్వ్యూ ముగిసింది. వచ్చే సోమవారం చేరమన్నారు. కరెంటు సాయంత్రం వచ్చింది.