సాగదీసిన కన్ను

ఆమెకు ముళ్ళత్త అని పేరెందుకొచ్చిందో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకుంటారు. వలకు వేసే ముళ్ళా, నోట్లో ఉన్న ముళ్ళా అన్నది ఆమెతో తగవు పడ్డవాళ్ళకే ఎరుక.

పిల్లచేపల్ని బతకనివ్వాలని కొత్త చట్టం వచ్చింది. వల కన్ను, అంటే అల్లికలోని రంధ్రం, నలభై మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మంచిమాటే అనుకుంది ముళ్ళత్త. సన్నకళ్ళ పాత వలను అవతల పారేసి, మూడు నెలలు నడుం పట్టేసేలా కూర్చుని అల్లుడికి కొత్తది అల్లింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మొదటిరోజే తనిఖీ ఆఫీసరు ఆ వలను పట్టుకుపోయి తన బల్ల కింద కుక్కాడు. చేపల గుంపు ఒడ్డువైపు వచ్చే వారం ఇదొక్కటే. ఇది దాటితే ఏడాదంతా అల్లుడి పడవ ఇసుకలో పడుకోవాల్సిందే.

మూడు రోజులుగా ఆమె ఆఫీసు గడప అరగదీస్తోంది.

"ఇరవై ఒకటే ఉందమ్మా, చూడు," అన్నాడు ఆఫీసరు, ముడి నుంచి పక్క ముడికి స్కేలు ఆనించి.

"అది కంటికి ఒక పక్కే సారూ. ఈ ముడిని పట్టుకుని ఎదురు ముడిని లాగి కొలవాలి."

"లాగితే ఏదైనా పెరుగుతుంది. నా చెవి లాగినా పెరుగుతుంది."

"లాగమంటారా?"

"అత్తా, నెమ్మది," గొణిగాడు అల్లుడు.

"నువ్వుండవయ్యా! నెమ్మదిగా ఉండబట్టే మూడు రోజులైంది. సారూ, ఆ చట్టం కాగితం పైకి చదవండి."

విసుక్కుంటూనే చదివాడు. "సాగదీసిన కన్ను..." అని ఆగాడు. మళ్ళీ మనసులో చదువుకున్నాడు. వల ఎత్తి, సాగదీసి కొలిచాడు. నలభై రెండు.

"ఇంకేం, ఇచ్చేయండి."

"ఎలా ఇస్తానమ్మా? ఇది వదిలితే ఈ నెలలో ఇలాగే పట్టిన మిగతా పది వలలూ వదలాలి. పైవాళ్ళకు రాస్తా. పదిహేను రోజుల్లో జవాబొస్తుంది."

"అందాకా ఆగమని చేపలకూ ఒక కాగితం రాయండి."

ముళ్ళత్త గుమ్మానికి అడ్డంగా బెంచీ లాక్కుని చతికిలబడింది.

"అల్లుడూ, ఆ పది ఇళ్ళకూ పోయిరా. సారు కొలత తప్పిందని ఆయన నోటితోనే చెప్పాడని చెప్పు. ఆడా మగా అందర్నీ రమ్మను."

ఆఫీసరు స్కేలును సొరుగులోకి తొయ్యబోయాడు.

"బయటే ఉంచండి సారూ," అంది ముళ్ళత్త. "ఇంకా పది కొలవాలి."