మోటరు ఆగింది

గండయ్య కళ్లు మూసుకుని మోకును మూరమూరగా వేళ్ల మధ్య నుంచి లాగుతున్నాడు. తాడులో ఎక్కడైనా పేట తెగి లేస్తే బొటనవేలికి ముల్లులా తగులుతుంది. కళ్లతో చూస్తే పైపైన చూసి సరేననుకుంటామని, వేలితోనే చూడాలని వాళ్ల నాయిన నేర్పాడు. కల్లు గీసే రోజుల నుంచి ఆ పని ఒక్కరోజూ తప్పలేదు.

అరుణమ్మ చాయ్ గిలాస తెచ్చి గద్దె మీద పెట్టింది.

"గా తాడును చూసుకున్నంత మంచిగ నన్ను ఎన్నడన్న చూసుకున్నవా?"

"నువ్వు తెగిపోవు గదనే."

ఆమె నవ్వింది. "ఇయ్యాల ఏడ పని?"

"కిష్టయ్య పొలం కాడ. చింతచెట్టు. కొమ్మలు పెద్ద కరెంటు లైనుకు ఆనుతున్నయట."

నవ్వు ఆగిపోయింది. లైను అన్న మాట వినపడితే అరుణమ్మ ఇంకేమీ అడగదు. లోపలికి పోయి అన్నం డబ్బా సర్దింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె భర్తను చెట్టు మీద ఒక్కసారి కూడా చూడలేదు. చూడనని మొదట్లోనే చెప్పేసింది.

గండయ్య మోకును భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కుడికాలు కాస్త ఈడ్చుతుంది. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్టు మీద నుంచి పడి తుంటికి రాడ్డు వేయించుకున్నాడు. ఆ కుంటు నేల మీదే. చెట్టెక్కితే ఎక్కడికి పోతుందో తెలియదు, కొమ్మ మీంచి కొమ్మకు పిల్లిలా కదులుతాడు.

ఆయన గీసిన తాటివనం తిరుమలగిరి పక్కనే ఉండేది. అది ప్లాట్లయింది. చెట్లు తీసే పని దయాకర్‌కు వచ్చింది. మొవ్వు దాకా ఎక్కేవాడి కోసం దయాకర్ వెతుక్కుంటూ వచ్చింది గండయ్య ఇంటికే. ప్రతి తాడికీ ఒక పేరుండేది. కోసేటప్పుడు గండయ్య ఆ పేర్లేవీ పైకి అనలేదు. చివరి చెట్టు పడ్డాక చేతులు కడుక్కుని, రేపు ఏడికి రావాలె అని అడిగాడు. అంతే. అప్పటి నుంచి దయాకర్ దగ్గరే.

దయాకర్‌ది చిన్న వ్యాపారం. ఒక ట్రాక్టరు, రెండు కోత మిషన్లు, ట్రాలీ నిండా తాళ్లు. మిషన్ పట్టేది తనే. కొమ్మకు కట్టిన తాడును కింద నిలబడి లాగేది ఏసోబు. ఎక్కేది గండయ్య. నల్గొండలో కొన్న నడుం బెల్టు, పసుపు రంగు హెల్మెట్ కూడా ఉన్నాయి. బెల్టు ట్రాలీ కొక్కేనికి వేలాడుతుంది. హెల్మెట్‌లో ఏసోబు ఉల్లిగడ్డలు పోసుకుంటాడు.

"ఇయ్యాలన్న తలకు పెట్టుకో గండన్నా," అన్నాడు దయాకర్, ట్రాక్టరు స్టార్ట్ చేస్తూ.

"మరి నా ఉల్లిగడ్డలు ఎవ్వని నెత్తిన పెట్టాలె ఓనర్ సాబ్?" అన్నాడు ఏసోబు.

ముగ్గురూ నవ్వారు. ఊరి చివర మలుపు తిరగ్గానే ఆ నవ్వు ఆగింది. అక్కడ మారయ్య ఇల్లుంది.

మారయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దగ్గరే ముగిసిపోయిన చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. గండయ్య చెయ్యి ఊపబోయి దించుకున్నాడు. మారయ్య తల ఆడించాడు.

లైను కింది పనులకు మొదట్లో మారయ్య ఎక్కేవాడు. కరెంటు బంద్ చేశామని ఒకరోజు ఫోన్ వచ్చింది. బంద్ చేసింది పక్క ఊరి లైను. ఆ తర్వాత గండయ్య ఒక పద్ధతి పెట్టాడు. ఫోన్‌లో ఎవరేం చెప్పినా ఎక్కేది లేదు. లైను కింద ఏదో ఒక బోరు నడుస్తూ ఉండాలి. ఆ మోటరుకు కరెంటు వచ్చేది ఆ లైను నుంచే కాబట్టి, లైను చస్తే మోటరు దానంతటదే ఆగుతుంది. పైపులోంచి దూకే నీళ్లు ఆగాయంటే ఎక్కొచ్చు. మళ్లీ కరెంటు వస్తే ఆటోమేటిక్ స్టార్టరు దానంతటదే మోటరును నడుపుతుంది. నీళ్ల చప్పుడు వినపడితే దిగిపోవాలి. స్టార్టరు డబ్బా జోలికి రైతులు కూడా పోరు. పగలూ రాత్రీ దాని పని అదే చూసుకుంటుంది.

"ఫోన్ మనిషి చేస్తడు, అబద్ధమైతది. మోటరుకు అబద్ధం తెల్వదు," అనేవాడు గండయ్య. ఎన్నో చెట్లు అలాగే దిగాయి. లైన్‌మన్ ఫోన్ కోసం ఎదురుచూడటం కూడా క్రమంగా మానేశారు.

కిష్టయ్య గట్టు మీదే నిలబడి ఉన్నాడు. యాసంగి వరి పొట్ట మీదుంది. గాలి లేచినప్పుడల్లా చింతకొమ్మలు తీగలను రాసుకుని కరెంటు పోతోంది. నాలుగు మడులకు అప్పుడే పగుళ్లు వచ్చాయి.

"జర జల్ది కానియ్యుండ్రి. ఇంకో రెండు దినాలైతే పశువులకేసుడే," అన్నాడు.

దయాకర్ లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. సబ్‌స్టేషన్‌కు చెప్తున్నానని, కాసేపట్లో బంద్ అవుతుందని జవాబు వచ్చింది. కిష్టయ్య ఎండుతున్న మడుల వైపు పోయాడు. ముగ్గురూ చెట్టు కింద ఎదురుచూశారు.

గండయ్య చెవి నీళ్ల మీదే ఉంది. పోయినేడాది ఈ చెలకల్లో నాలుగైదు బోర్లు పోసేవి. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే నోరు మూసుకునేవి. ఆ నిశ్శబ్దం మనిషి మీద పడినట్టుండేది. ఇప్పుడు మిగతావి ఎండిపోయాయి. పోస్తున్నది కిష్టయ్య బోరు ఒక్కటే. కాలువ గట్టు ఒకచోట తెగి ఆ నీళ్లు చెట్టు కిందికే వస్తున్నాయి. ఏసోబు జారి, తాడుతో సహా బురదలో కూలబడ్డాడు.

"థూ, దీనవ్వ!"

బోరు దగ్గర కిష్టయ్య భార్య ఆండాళు అది చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కాసేపటికి నీళ్లు ఆగాయి. పైపు చివర రెండు చుక్కలు వేలాడి రాలాయి.

"ఆగింది," అన్నాడు దయాకర్.

గండయ్య కదల్లేదు. ఏదో సరిగ్గా లేదు. అదేమిటో చెప్పమంటే చెప్పలేడు. నిశ్శబ్దం ఎప్పటిలా మీద పడలేదు. తల ఎత్తి తీగలను చూశాడు. చచ్చిన తీగ, బతికున్న తీగ ఒక్కలాగే ఉంటాయి. వాటి మీద ఒక్క పిట్టా లేదు.

"ఓపాలి ఫోన్ చెయ్యి ఓనరూ."

దయాకర్ వింతగా చూశాడు. "నువ్వేనా ఫోన్ అడిగేది?" అంటూ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"మోటరు ఆగిందా లేదా? నీ కానూనే గదనే! ఇంకేం కావాలె?"

అవతలి మడి నుంచి కిష్టయ్య ఇటే చూస్తున్నాడు. ఆ చూపులో అడగడం తప్ప ఇంకేమీ లేదు. గండయ్య చెప్పులు విడిచాడు. మోకు నడుముకు వేసుకున్నాడు. పద్ధతి తనది. ఆ పద్ధతి ప్రకారం లైను చచ్చిపోయింది.

ఎక్కుతుంటే కుంటు పోయింది. మొదటి కొమ్మ లైనుకు దూరంగా ఉంది. రంపం పెట్టి కోశాడు, ఏసోబు తాడు లాగాడు, అది సాఫుగా బురదలో పడింది. దయాకర్ మిషన్ స్టార్ట్ చేసి దాన్ని ముక్కలు చేయడం మొదలుపెట్టాడు. ఆ రొదలో ఇక ఏ చప్పుడూ వినపడదు. గండయ్య లైను వైపు సాగిన పొడుగు కొమ్మ మొదలుకు చేరాడు. తాడును దానికి కట్టి, మోకును పైకొమ్మకు చుట్టి బిగించి, ఎడమచేత్తో కొమ్మను పట్టుకుని కోత పెట్టాడు.

కింద, ఆండాళు చల్ల చెంబు, మూడు గిలాసలు పట్టుకుని గట్టు మీదుగా వచ్చింది. ఏసోబు తాడు వదలకుండానే నవ్వాడు. ఆమె అతని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

"బురదల తిప్పలు పడుతున్నరు గదా తమ్మీ, నేనే మోటరు బంద్ చేసిన. మీ పని అయినంక ఏసుకుంట తియ్యి."

ఆమె గిలాసలు గట్టు మీద వరుసగా పెట్టి మొదటిది నింపింది. "పైకెక్కినాయనకు ఇది ముందు," అంది.

ఏసోబుకు ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక తాడు వదిలేసి చెట్టు మొదట్లోకి పరుగెత్తాడు.

"గండన్నా! దిగు! దిగన్నా! లైనున్నది!"

మిషన్ రొద ఆ అరుపును మింగేసింది. ఏసోబు పోయి దయాకర్ భుజం పట్టి గుంజాడు. దయాకర్ ఉలిక్కిపడి మిషన్ ఆపాడు. నిశ్శబ్దం వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో గండయ్య కిందికి చూశాడు. ఇద్దరూ చేతులు ఊపుతున్నారు. ఏమన్నారని అడగడానికి నోరు తెరిచాడు. సగం తెగిన పచ్చికొమ్మ, లాగిపట్టే తాడు లేక, తన బరువుకు తానే మెల్లగా, తొందరేమీ లేనట్టు, తీగల మీదికి వాలింది.

పెద్ద శబ్దమేమీ రాలేదు. గుడ్డ చింపినట్టు ఒకటి వినపడింది. చింతాకు జలజలా రాలింది. రంపం కిందపడి బురదలో నిలువుగా దిగింది. గండయ్య పడలేదు. మోకు బాగానే ఉంది. అది ఆయన్ను కొమ్మకు ఆనించి, కాస్త కునుకు తీస్తున్న మనిషిని పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఎవరూ చెట్టును ముట్టుకోలేకపోయారు. మడి నుంచి పరుగెత్తుకొచ్చి ముట్టుకోబోయిన కిష్టయ్యను దయాకర్ రెండు చేతులా వెనక్కి లాగాడు. ఆండాళు బోరు వైపు చూసింది, చెట్టు వైపు చూసింది, మళ్లీ బోరు వైపు చూసింది.

దయాకర్ జేబులో ఫోన్ మోగింది. ఎప్పుడు ఎత్తాడో అతనికే తెలియదు.

"దయన్నా, సబ్‌స్టేషన్ నంబరు కలువక లేటయింది," అన్నాడు లైన్‌మన్, అవతలి నుంచి హుషారుగా. "ఇగో, ఇప్పుడే బంద్ చేపిచ్చిన. ఇగ ఫికర్ లేదు, ఎక్కుండ్రి."

చెట్టెక్కడం రాని ఏసోబు ఎక్కాడు. మోకు ముడి విప్పడానికి అతని వేళ్లకు చాలాసేపు పట్టింది. కట్టిన మనిషి అంత గట్టిగా కట్టాడు. కొమ్మలు దింపే తాడుతోనే ఆయన్ను దింపారు. ట్రాలీలో పడుకోబెట్టి భువనగిరి దవాఖానకు అన్నారు గానీ, ఎందుకో ఎవరూ తొందరపడలేదు. కిష్టయ్య కూడా ట్రాలీ ఎక్కాడు. ట్రాక్టరు చప్పుడు చెలకల మీదుగా సన్నగిల్లి పోయింది. ఆండాళు ఎప్పుడు ఇంటికి నడిచిపోయిందో ఎవరూ చూడలేదు.

గట్టు మీద రెండు గిలాసలు ఖాళీగా ఉన్నాయి. మొదటిదాంట్లో అంచుదాకా పోసిన చల్ల అలాగే ఉంది, దాని మీద సన్నటి చింతాకు ఒక్కొక్కటిగా రాలి తేలుతోంది.