బస్సులోనే చదవాల్సిన ముక్క

క్లెమ్ వెళ్ళిపోతున్నానని చెప్పిన రోజున నేను కుర్చీని తన్నాను. కుర్చీకి ఏమీ కాలేదు, నా బొటనవేలు వాచింది.

నెబ్రాస్కా పడమటి కొసన ఉన్న మా చిన్న కాలేజీకి నేను బాస్కెట్‌బాల్ కోచ్‌ని. క్లెమ్ నా అసిస్టెంటు. తూర్పున ఒక పెద్ద యూనివర్సిటీ వాళ్ళు పిలిచారు, వెళ్ళాడు. మాకిది కొత్త కాదు. చిన్న కాలేజీ అంటే నారుమడి. నారు మేం పోస్తాం, పెద్దవాళ్ళు వచ్చి పీక్కెళ్ళి నాటుకుంటారు. అసిస్టెంటు పోతే ఇంకొకణ్ణి వెతుక్కోవచ్చు. క్లెమ్ వెనకాలే ఒమారి కూడా పోతాడేమోనన్నదే నా భయం.

ఒమారి మా సెంటర్. ఆరడుగుల పది అంగుళాల మనిషి. గ్యారీ పట్నం నుంచి వాణ్ణి వెతికి తెచ్చింది క్లెమ్మే. బుట్ట కింద వాడు నిలబడితే అవతలి వాళ్ళు దూరం నుంచి బంతి విసిరి దేవుడి మీద భారం వేయాల్సిందే. సీజను అయిపోగానే కాలేజీ మారదలచుకున్న ఆటగాళ్ళ కోసం కొన్నాళ్ళపాటు పోర్టల్ తెరుస్తారు. అందులో పేరు పెట్టాడంటే వాడు సంతలో నిలబడ్డట్టే. అది మూసేలోగా ఒమారికి నచ్చే అసిస్టెంటును తేవాలి. తెస్తే ఉంటాడు, లేకపోతే పోతాడు. నా లెక్క అది.

క్లెమ్‌కి పుస్తకాల పిచ్చి. మాకు ఏ ఊళ్ళో ఆట ఉన్నా బస్సులో ఆరేడు గంటల దారి. కిటికీలోంచి చూస్తే గడ్డి, ఆవులు, మళ్ళీ గడ్డి. ఆ దారి కోసం వాడు పాత సామాన్ల కొట్లో లావుపాటి పాత నవల ఒకటి కొనేవాడు. పేరున్నది, వందేళ్ళు దాటినా జనం చదువుతున్నది కావాలి. దాన్ని రొట్టె కోసే కత్తితో ఏడెనిమిది ముక్కలు చేసి, అంచులకు ఆటగాళ్ళ చీలమండలకు చుట్టే తెల్లటేపు అంటించేవాడు. ముందు సీటువాడు మొదటి ముక్క చదివి వెనక్కి ఇవ్వాలి. అలా ఒక్క పుస్తకం బస్సంతా పాకేది. ముందున్నవాడు వెనకవాడికి కథ చెప్పకూడదు. బస్సు దిగాక ముక్క ముట్టకూడదు. ఈ సంగతి తెలిసి మా లైబ్రరీ ఆవిడ క్లెమ్‌తో మాట్లాడటం మానేసింది. నేను మాత్రం ముందు సీట్లో కూర్చుని అవతలి జట్టు వీడియోలు చూసుకునేవాణ్ణి.

ఈ ఏడాది ఒక రష్యన్ నవల. అందులో ఒక్కొక్కరికి మూడేసి పేర్లు. ఒక జమీందారమ్మ తన అడవిని అమ్ముతుందా అమ్మదా అన్నదే కథంతా. ఫైనల్స్‌కి వెళ్ళే బస్సు కోసం క్లెమ్ ఆఖరి ముక్క దాచి ఉంచాడు. ఫైనల్స్‌కి చేర్చే పోటీల్లో మేం మొదటి ఆటలోనే ఓడిపోయాం. ఆ బస్సు కదల్లేదు, ఆ అడవి సంగతి ఎవరికీ తెలియలేదు. వెళ్తూ వెళ్తూ ఆ ముక్కను ఒమారి చేతిలో పెట్టి పోయాడు క్లెమ్.

ఉద్యోగానికి వచ్చినవాళ్ళకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు నాతో మాట్లాడాలి, తర్వాత మెస్సులో జట్టుతో కూర్చుని చిల్లీ, అంటే బీన్సూ మాంసమూ వేసి వండిన కారం పులుసు, తినాలి. పక్కన దాల్చినచెక్క బన్ను తప్పనిసరి. బన్నును చిల్లీలో ముంచుకుని తిననివాడు మావాడు కాదని తేలిపోతుంది. తిండి అయ్యాక ఆటగాళ్ళు ఏదైనా అడగవచ్చు.

మొదట వచ్చినవాడు ట్రెంట్. మా క్రీడా విభాగం పెద్ద హోయట్ సిఫారసు చేసిన మనిషి. పొడవాటివాళ్ళకు శిక్షణ ఇవ్వడంలో దిట్ట. నాకు ప్రాణం లేచి వచ్చింది. చిల్లీ దగ్గర ఒమారి అడిగాడు.

"ఏడు గంటల బస్సుకి సరిపోయే పాత పుస్తకం ఒకటి చెప్తారా?"

"ఓ, బోలెడున్నాయి," అన్నాడు ట్రెంట్. "గెలిచే నాయకుడి పది లక్షణాలని ఒకటుంది. భలే పుస్తకం. నేనైతే సారాంశం చదివాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చెంచాల వంక చూసుకున్నారు. ఒమారి "థ్యాంక్స్ సార్" అని బన్ను అందుకున్నాడు. అంతే, ట్రెంట్ పని అయిపోయింది.

రెండోవాడు నిజంగా చదివినవాడే. కానీ అడిగిన పాపానికి తను చెప్పిన పుస్తకం కథంతా, ఆఖరి చావుతో సహా చెప్పేశాడు. మా కుర్రాళ్ళు చెవులు మూసుకున్నారు. మూడోవాడు, "క్లాసిక్స్ అంటే నాకు ప్రాణం" అన్నాడు. ఏ క్లాసిక్సని ఒమారి అడిగితే, "అన్నీ" అన్నాడు.

నేను ఒమారిని హాల్లోకి లాక్కెళ్ళాను.

"ఒరేయ్, నేను కోచ్‌ని వెతుకుతున్నానా, పంతుల్ని వెతుకుతున్నానా? ఆ ట్రెంట్ దగ్గర ఏడాది ఉంటే నీ ఎడమచెయ్యి పనిలోకి వస్తుంది తెలుసా?"

"నా ఎడమచెయ్యికి ఏమైంది కోచ్?"

"పోయిన సీజన్లో దాన్ని అద్దెకిచ్చావా? ఒక్క బంతి పడలేదు!"

వాడు నవ్వాడు. "ఇంకొక్కళ్ళని పిలవండి కోచ్. మీకు దణ్ణం పెడతా."

దణ్ణం పెడితే కరిగిపోయే రకాన్ని కాను. కానీ పోర్టల్ తెరిచే ఉంది. ఆ వారం నాకు ఆవలింత వచ్చినా కోపమే, తుమ్ము వచ్చినా కోపమే. హోయట్ రోజూ ఫోన్ చేసి, "ట్రెంట్‌కి ఏం తక్కువయ్యా?" అంటాడు. ఏమని చెప్పను? పందొమ్మిదేళ్ళ పిల్లాడికి వాడి పుస్తకం నచ్చలేదని చెప్పనా?

నాలుగో మనిషి రూతాన్. పక్క కౌంటీ హైస్కూల్లో పాఠాలు చెబుతూ పదిహేనేళ్ళుగా అబ్బాయిల జట్టును నడుపుతోంది. బన్ను ముంచుకుని తింటూనే సమాధానం చెప్పింది.

"మంచి పుస్తకాలంటూ పెద్దవాళ్ళు చెప్పినవాటిలో సగం నాకు విసుగే నాయనా. ఒకటుంది. ఇరవయ్యేళ్ళప్పుడు చదివి గోడకేసి కొట్టాను. నలభై దాటాక ఎందుకో మళ్ళీ తెరిచాను. స్కూలు ముందు కార్లోనే కూర్చుని ఏడ్చాను, మొదటి గంట క్లాసు పోయింది."

"ఏం జరుగుతుంది అందులో?" అన్నాడు చివర కూర్చున్న కుర్రాడు, జట్టులో బంతి నడిపే మా గార్డు.

"చెప్తే మీరు చదవరుగా?"

ఒమారి నా వంక చూసి తల ఊపాడు. వాడు ఆట గెలిచినప్పుడు కూడా అంత తృప్తిగా తల ఊపడం నేను చూడలేదు.

మర్నాడు హోయట్ గదిలో యుద్ధం జరిగింది. "కాలేజీ ఆట ఎరగని మనిషి," అన్నాడు. "నేర్చుకుంటుంది," అన్నాను. "నీ మెడకే చుట్టుకుంటుంది," అన్నాడు. "నా మెడ, నా ఇష్టం," అన్నాను. మొత్తానికి సంతకం పెట్టించుకుని బయటపడ్డాను. నేరుగా జిమ్‌కి వెళ్ళాను. ఒమారి ఒక్కడే ఎడమచేత్తో బంతులు వేస్తున్నాడు.

"తీసుకున్నామురా! నువ్వు మెచ్చినావిడనే!"

"చాలా మంచి పని చేశారు కోచ్," అని బంతి పట్టుకుని నిలబడ్డాడు. "నేను పొద్దున పోర్టల్లో పేరు పెట్టాను."

నా నోట్లోంచి అన్ని మాటలూ ఒకేసారి వచ్చాయి. అవన్నీ ఇక్కడ రాయను.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకురా నా దుంప తెంచావు? నీకోసం కాదూ ముగ్గుర్ని తిప్పి పంపింది?"

"నాకోసమని మీరనుకున్నారు," అన్నాడు వాడు, నేల చూస్తూ. "క్లెమ్ పిలిచినప్పుడే నేను వెళ్దామనుకున్నాను కోచ్. అక్కడ ఆడితేనే ప్రొఫెషనల్ జట్లవాళ్ళ కళ్ళలో పడతాను. కానీ మన కుర్రాళ్ళని ఎవరి చేతిలో పెట్టి వెళ్ళాలి? ట్రెంట్ చేతిలోనా? అందుకే అడిగాను."

సంచిలోంచి తెల్లటేపు వేసిన ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "ఆవిడకివ్వండి. నేను చదవలేదు. బస్సులోనే కదా."

వాడి మీద కోపం నాకు వేసవంతా తగ్గలేదు. మందలించదగ్గ తప్పు ఒక్కటైనా చేశాడా అంటే అదీ లేదు, అదే ఇంకా మంట. వాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

నవంబరులో మొదటి ప్రయాణం. రూతాన్ ఆఖరి ముక్కను ముందు సీట్లో నా ఒళ్ళో పడేసింది.

"మొదటి వంతు మీదే."

"నేను ముందు ముక్కలే చదవలేదు!"

"అయితే ఎవరికి ఎన్ని పేర్లున్నాయో అడిగి తెలుసుకోండి."

అప్పుడే ఫోన్ మోగింది. ఒమారి. కట్ చేద్దామనుకున్నాను. వేలు ఎటు జరిగిందో, వాడి గొంతు బస్సంతా వినిపించింది.

"కోచ్, ఇవ్వాళే కదా మీ బస్సు? ఆఖరి ముక్క మొదలుపెట్టారా?"

"నీకెందుకు? క్లెమ్ ఉన్నాడుగా అక్కడ, వాణ్ణడుగు."

"ఇక్కడ మేం విమానంలో వెళ్తాం కోచ్. ఎక్కితే యాభై నిమిషాలు. బెల్టు పెట్టుకునేసరికి దిగమంటారు. క్లెమ్ కూడా ఇప్పుడు వీడియోలే చూస్తాడు."

"ఆ పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది కదరా. కొనుక్కో."

"బస్సులోనే కదా కోచ్," అన్నాడు.

వెనక సీట్లవాళ్ళు ముందుకు వంగారు. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ తెరిచాను. జమీందారమ్మ పేరు దగ్గరే నాలుక మడతపడింది. "అలా కాదు కోచ్," అని ఫోన్లోంచి వాడు సరిదిద్దాడు. గొణుక్కుంటూనే చదివాను. కలప వ్యాపారి వచ్చాడు. టీ తాగాడు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి చెట్ల వంక చూసింది. వెనక్కి తిరిగి, నోరు తెరిచి—

"కోచ్, ఆపండి! విమానం ఎక్కమంటున్నారు." ఫోన్ ఆగిపోయింది.

"చదవండి కోచ్! అమ్ముతుందా?" వెనకనుంచి నలుగురు అరిచారు. నాకూ తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. గార్డు నా భుజం మీదుగా పేజీలోకి తొంగి చూడబోయాడు. టక్కున మూసేశాను.

"ఎవడైనా ఈ ముక్క ముట్టుకున్నాడో, రేపు ఆటకి బెంచీ మీదే!" అని అరిచాను. "మనవాడు విమానం దిగేదాకా ఎవరూ చదవడానికి వీల్లేదు."