చేతి దోషం

చట్నీ సగం నలిగిందో లేదో మిక్సీ ఆగిపోయింది.

"నీ చెయ్యి పడితే ఏదీ నిలవదు మారీ," అంది అత్తగారు, హాల్లోంచి లేవకుండానే.

"అక్కడ కంప్యూటర్లు, ఇక్కడ మిక్సీ," అన్నాడు గురుసామి పేపరు వెనకనుంచి. "నా పెళ్ళానికున్న శక్తి కరెంటాఫీసుకి కూడా లేదమ్మా."

మారిసెల్వి మిక్సీని పక్కకు వంచి, అడుగునున్న ఎర్ర మీట నొక్కి, రెండు నిమిషాలు చల్లారనిచ్చి మళ్ళీ తిప్పింది. తిరిగింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

శివకాశిలో క్యాలెండర్ల కాలమది. దేవుళ్ళ బొమ్మల కింద బట్టల కొట్ల పేర్లు, నగల కొట్ల పేర్లు అందంగా కూర్చడం అక్కడి ఒక ప్రెస్సులో ఆమె పని. ఆ కుర్చీ చేరడానికి ఆమెకు ఎనిమిదేళ్ళు పట్టింది. అంతకు ముందు కింది హాల్లో నేలమీద కూర్చుని తేదీకాగితాల కట్టలకు బంక రాసేది. ఇప్పుడా కుర్చీ ఊడేలా ఉంది. పైహాల్లో ఉన్నవి ఏడు కంప్యూటర్లు, ఒకేసారి కొన్నవి. అన్నింట్లోనూ డిజైను ప్రోగ్రాం ఒకటే. అయినా మూడింట్లో మాత్రం పెద్ద బొమ్మ మీద పనిచేస్తుండగా తెర బిగుసుకుపోతోంది. బాణం గుర్తు ఉన్నచోటే నిలిచిపోతోంది. గంట పని గాలికి పోతోంది. ఆ మూడింటి ముందూ కూర్చునేది ఆడవాళ్ళే.

ప్రోగ్రాం అమ్మినతను రెండుసార్లు వచ్చి, తీసేసి మళ్ళీ ఎక్కించి, లోపం వాడే పద్ధతిలో ఉందని చెప్పి వెళ్ళాడు. పెద్ద డిజైనరు రత్నపాండికి అంతకన్నా ఏం కావాలి? వచ్చే శుక్రవారం దాకా చూసి ముగ్గురినీ తిరిగి బంక పనికి దించేద్దామని అతడు యజమాని షణ్ముగవేల్‌కు సలహా ఇచ్చాడు. ఆయన తలూపాడు.

ఆ మాట విన్న శనివారమే ఆమెలో అనుమానం మొలిచింది. తను లేనప్పుడు రత్నపాండి తన కంప్యూటరును ఏదో చేస్తున్నాడేమో. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకుండా తలుపు చాటున నిలబడి కాపు కాసింది. అతడు నిజంగానే ఆమె బల్ల వైపు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పక్కనున్న దేవుడి అరలోంచి నైవేద్యం అరటిపండు తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే. ఆ తరువాత అనుమానం తనమీదికే తిరిగింది. ఇంట్లోనూ ఇదే మాట, ఇక్కడా ఇదే మాట. ఇందరు కలిసి అబద్ధం చెబుతారా? నిజంగానే తన వేళ్ళలో ఏదో ఉందా? ఆదివారం బట్టలు ఉతుకుతూ చేతుల్ని పదేపదే చూసుకుంది. చేతులు చేతుల్లాగే ఉన్నాయి. అనుమానం మంచిదే, కాని దాన్ని పరీక్షకు పెట్టకపోతే అది చాడీగా మిగిలిపోతుందని ఆమెకు తోచింది.

సోమవారం రత్నపాండి దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ఇవాళొక్కరోజు నా సీట్లో మీరు కూర్చోండి, మీ సీట్లో నేను కూర్చుంటా. దోషం నా చేతిదైతే నా కంప్యూటరు మీ చేతిలో నడవాలి కదా."

పదకొండూ ఇరవైకి ఆమె కంప్యూటరు అతడి చేతిలో బిగుసుకుంది. అతడి కంప్యూటరు సాయంత్రం దాకా ఆమె చేతిలో ఒక్కసారీ ఆగలేదు. "నాది మంచి అలవాట్లున్న మెషీను," అన్నాడతడు. "నీదాన్ని నువ్వు ముందే పాడుచేసి పెట్టావు."

అంటే దోషం కంప్యూటరు పెట్టెలోనే ఉంది. పొద్దున్న బాగానే నడిచేది పదకొండుకు ఆగుతోంది; కాసేపు ఆపి ఉంచితే మళ్ళీ నడుస్తోంది. మంగళవారం ఆమెకు వేడెక్కి ఆగే మిక్సీ గుర్తొచ్చింది. పెట్టె పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పింది. ఆ రోజంతా తెర బిగుసుకోలేదు. ఫ్యాన్ తీసేసిన బుధవారం మళ్ళీ బిగుసుకుంది. అప్పుడు టార్చి వేసి లోపలికి చూసింది. లోపలి చిన్న ఫ్యాను రెక్కల మీద, దాని కింది లోహపు పలకల మధ్య, నల్లగా జిడ్డుగా మసి పేరుకుపోయి ఉంది. గోటితో గీరి వాసన చూసింది. సాంబ్రాణి.

ప్రతి శుక్రవారం ముగ్గురు ఆడవాళ్ళూ అరగంట ముందొచ్చి, దేవుడి అర తుడిచి, కిటికీలు మూసి, పొగ నిండేలా సాంబ్రాణి వెయ్యాలి. ఆడవాళ్ళు వేస్తేనే లక్ష్మి అని యజమాని తల్లి పెట్టిన ఆనవాయితీ. ఆ ముగ్గురిలో ఏసుప్రభువును నమ్ముకున్న ఎస్తేరుకూ మినహాయింపు లేదు. అందుకు వీలుగానే వాళ్ళ బల్లలు ఆ అర పక్కన వేశారు. ఆరేళ్ళ శుక్రవారాలను ఆ పెట్టెలు పీల్చాయి. మగవాళ్ళ పెట్టెలు అవతలి కిటికీల దగ్గరున్నాయి.

గురువారం యజమాని ఎదుట మూడు పెట్టెలూ విప్పి, మసి దులిపి, నడిపి చూపించింది. ఏవీ ఆగలేదు. బంక పని ప్రస్తావన మళ్ళీ రాలేదు. తప్పుగా అనుకున్నామన్న మాటా రాలేదు. "బాగుందమ్మా," అన్నాడాయన. "ఎలాగూ ముందే వస్తారుగా, ధూపం అయ్యాక వారంవారం ఈ పెట్టెలు కూడా మీరే తుడిచేయండి."

శుక్రవారం పొద్దున్న మిక్సీ మళ్ళీ ఆగింది. అత్తగారు ఆ మాటే అంది. గురుసామి గడియారం చూశాడు. "ఇవాళ ముందే పోవాలిగా నువ్వు?"

"లేదు. ఈ వారం నుంచి మేం ముగ్గురం అందరితోపాటే వెళ్తాం. ఎస్తేరుకీ చెప్పాను."

మారిసెల్వి ఎర్ర మీట మీద వేలు పెట్టబోయి ఆగింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ ఇంట్లో పాడైన వస్తువులన్నీ వరసగా గుర్తొచ్చాయి. మిక్సీ, స్టవ్వు, కుక్కరు, నీళ్ళ మోటారు. అన్నీ ఆమె చేతిలోనే ఆగాయి. మరొకరి చెయ్యి వాటిని తాకిందెప్పుడు?

ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, సగం నలిగిన చట్నీతో జారును తెచ్చి భర్త పేపరు మీద పెట్టింది.

"వారం రోజులు మీరు రుబ్బండి," అంది. "పరీక్షకి ఇంకో చెయ్యి కావాలి."