సత్తెమ్మ వాకిలికి మూడు బండలు

సత్తెమ్మ కాలు అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. పోయిన వానాకాలం వాకిట్లో బురదకు జారిపడ్డ నాటి నుంచి ఆమె గడప దాటలేదు. డాక్టరు నడవమన్నాడు, కోడలు ఆండాలు బతిమాలింది. ఆమె మాత్రం గడప మీదే కూర్చుని, గౌలిపురా గల్లీలో పోయేవాళ్ళందరికీ వంకలు పెడుతూ ఎనిమిది నెలలు గడిపేసింది. లోపల ఒకటే భయం, ఈసారి పడితే ఇక లేవనని.

కొడుకు పెంటయ్య ఆ మట్టి వాకిలికి బండలు వేయించాలనుకున్నాడు. కంచన్‌బాగ్ ఇనుము ఫ్యాక్టరీలో ఉద్యోగం కదా, పెద్దసార్ల ఇళ్ళు చూసి చూసి నునుపు మీద మోజు పట్టింది. ఒక ఆదివారం రిక్షాలో మూడు నమూనాలు తెచ్చి దించాడు. ఒకటి పాలిష్ పట్టిన తాండూరు బండ, ఒకటి పాలిష్ లేని షాబాదు బండ, ఇంకోటి ఎర్రరంగు కలిపిన సిమెంటు పలక. వాటిని గడప ముందు పరిచి, బిందెడు నీళ్ళు పోసి, పెళ్ళికొడుకులా నడిచి చూపించాడు.

"చూసినవా అమ్మా, దేని మీద జారలే. తాండూరు బండ మస్తు చల్లగుంటది. గదే ఏపిస్త."

ఆ మెరుపు చూస్తేనే సత్తెమ్మకు బురదలో పడ్డ రోజు గుర్తొచ్చింది. భయమని చెప్పడానికి నామోషీ వేసి, రంగు బాగాలేదని వంక పెట్టింది.

"వట్టి నీళ్ళతోని ఏం తెలుస్తది? రోజు పొద్దుగాల మనం సల్లేది పేడనీళ్ళు గద," అంది ఆండాలు. బకెట్లో పేడ కలిపి తెచ్చి మూడింటి మీదా చల్లింది. "ఇప్పుడు నడువుండ్రి."

తాండూరు బండ మీద కాలు పెట్టాడో లేదో, పెంటయ్య సర్రున జారి తలుపు పట్టుకున్నాడు. సిమెంటు పలక మీద చేతులు ఆడించి ఎలాగో నిలదొక్కుకున్నాడు. షాబాదు బండ మీద మాత్రం స్తంభంలా నిలబడ్డాడు. సత్తెమ్మకు నవ్వు ఆగలేదు. ఇనుముతో కుస్తీ పట్టే కొడుకే జారితే, ముసలిదాన్ని నేను జారడంలో సిగ్గేముందనిపించింది.

"నాకు మస్తు భయమైతున్నది కొడుకా. గా గరుకు బండనే ఏపియ్యి," అంది.

"గా మాట ముందుగాల్నే చెప్పకపోతివి," అన్నాడు పెంటయ్య, గొంతు తగ్గించి.

పదిరోజులకు వాకిలంతా షాబాదు బండలు పరిచారు. మర్నాడు ఆండాలు పేడనీళ్ళు చల్లగానే, సత్తెమ్మ లేచి, గోడ పట్టుకుని ఒక బండ మీద కాలు పెట్టింది. తర్వాత ఇంకోటి. సగం దూరం వచ్చాక గోడ వదిలేసింది. అట్లా గేటు దాకా వచ్చింది.

"ఇయ్యాల్టికి సాలు అత్తమ్మా," అంటూ ఆండాలు చెయ్యి చాచింది. "ముందటంత మట్టే ఉన్నది."

"ఉండనియ్యి. బుచ్చమ్మ ఇంటికి పోయి లొల్లి పెట్టుకోక ఎనిమిది నెలలాయె," అంటూ సత్తెమ్మ ఎదురింటి వైపు గల్లీలోకి దిగింది.